నన్నారి బండి

కర్నూలు రాజవిహార్ సెంటర్లో నా బండి.
పదకొండు దాటితే తారు మెత్తబడి
చెప్పులకు అతుక్కుంటాది.
గోనెపట్టా కింద ఐసుగడ్డ,
సీసాల్లో నన్నారి, గిన్నెలో సబ్జాగింజలు, గంపలో నిమ్మకాయలు.
మండే ఊరికి పది రూపాయల చలువ అమ్మేది నేనే,
ఆ చలువ నోట్లో పెట్టుకోలేంది కూడా నేనే.

రెండేండ్లాయె.
మొదట కింది వరస, కుడిపక్క.
ఒక్క గుక్క తాగితే
దవడలో ఎవరో తీగ మీటినట్టు జివ్వుమని
కంటిదాకా పాకి
చెవి వెనక చాలాసేపు నిలబడింది.
"ఏం తాతా, కన్ను కొడతాండావ్?" అని
కాలేజీ పిల్లోడెవరో నవ్విపోయినాడు.
అప్పట్నుంచి తీపి చూసేది మాబున్నీ.
పొద్దున పాకం కాగినాక చెంచాడు నోట్లో వేసుకొని
తల ఇట్లా ఆడిస్తాది.
ఆ తలకాయే నా కొలత.

లవంగనూనె పెట్టినా.
ఉప్పు పెట్టినా, పసుపు పెట్టినా.
నొప్పి ఎక్కువైన కొద్దీ ఇంకా గట్టిగా తోమినా,
మురికి ఉంటేనే గదా నొప్పి అనుకొని.
మా నాయన నేర్పిన తోముడు అది.
బొగ్గూ, ఇటుకపొడీ, చూపుడువేలూ.
బోకులు తోమినట్టు, బండ రుద్దినట్టు.
రక్తం కనబడితే
"చెడ్డది పోయిందిలే" అని ఉమ్మేయడం.

పెద్దాసుపత్రిలో పండ్ల డాక్టరమ్మది నా కూతురి ఈడు.
ఉసేన్ పీరా, యాభై ఎనిమిది, అని చీటీ చదివి
చిన్న అద్దం నోట్లో పెట్టింది.
గాలి పీల్చమంది. పీల్చినా.
కుర్చీలోంచి ఎగిరిపడినా.
"పిప్పి లేదు, పురుగు లేదు.
చిగురు దిగింది. వేరు బయటపడింది."

నాకు నవ్వొచ్చింది.
చిగురు దిగడమేంది తల్లీ?
చింతకైనా వేపకైనా చిగురు పైకే గదా వచ్చేది!
"చెట్టుది వస్తాది. నోటిది పోతే రాదు.
ఉన్నదాన్ని నిలుపుకోవాల."
మందుల చీటీ రాస్తా రాస్తా, తల ఎత్తకుండానే అడిగింది:
"ఎవరి మీద కోపంతో తోముతాండావు పెద్దాయనా?"

ఇంటికొస్తా తుంగభద్ర గట్టున ఆటో దిగినా.
మే నెల నది.
నీళ్ళు వెనక్కి జరిగి జరిగి
బండల మొదళ్ళు, ఎండ ఎరగని పాచి చారలు
బయటికొచ్చి నిలబడినాయి.
గాలి తగుల్తాంటే వాటికెట్లుంటాదో
ఆ పొద్దు తెలిసింది.
నోరు మూసుకొని నడిచినా.

ఇప్పుడు మెత్తటి బ్రష్షు. పసుపురంగుది, మాబున్నీ కొనింది.
గుప్పిట్లో కాదు,
బీడీ పట్టినట్టు వేళ్ళ కొసలతో పట్టాలంట.
చిగురు కాడ్నుంచి పంటి మీదికి,
పసిబిడ్డ తల దువ్వినట్టు.
మొదటి వారం చెయ్యి మాట వినలా.
ఐసు పగలగొట్టిన చెయ్యి,
మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ మూటలెత్తిన చెయ్యి,
ఒకసారి, పరీక్ష తప్పినాడని,
పెద్దోని చెంప మీద పడిన చెయ్యి.
దానికి మెల్లగా అనే మాట ఎవరూ నేర్పలా.

రాత్రిపూట మందు పేస్టు వేలితో పూసుకొని
పుక్కిలించకుండా పడుకోమన్నారు. సరే.
పులుపు తగ్గించమన్నారు.
దినానికి నూరు నిమ్మకాయలు కోసేటోనికి చెప్పే మాటేనా అది!
మూడు నెలలకు తీగ కొంచెం వదులైంది.
తెగలా.

నిన్న మధ్యాన్నం వాన తుంపర, గిరాకీ లేదు.
ఐసు లేకుండా అరగ్లాసు కలుపుకొని
ఎడమపక్కకు ఒంచి, నాలుక అడ్డం పెట్టి
ఒక గుక్క.
జివ్వుమనలా.
కానీ తీపి, అబ్బా, శానా ఎక్కువ.
రెండేండ్లుగా ఊరంతా ఇదే తాగుతాంది,
ఒక్కరూ చెప్పలా.

ఇంటికి పోయి మాబున్నీకి చెప్పాల.
మెల్లగా చెప్పాల.